ముట్టుకోవడానికి సముద్రం దాకా

కుక్కలంటే నాకు చిన్నప్పటి నుంచీ పడదు. ఈ మాట ముందే చెప్పేస్తే మంచిది. లేకపోతే రజాక్ భాయ్ సంగతి ఇంత వివరంగా చెబుతున్నానంటే నేనూ ఆ బాపతు మనిషినేనని మీరు అనుకుంటారు.

అబ్దుల్ రజాక్ విశాఖపట్నం పాత ఊళ్ళో, కోటవీధి సందులో మా పక్కింటాయన. ఆయన ఇంటికీ మా ఇంటికీ మధ్య ఒకటే గోడ. ఆయనకో కుక్క ఉండేది. అది పడుకునేది సందు మొగలో, గఫూర్ కిరాణా కొట్టు అరుగు కింద. దాని తల నిమరాలంటే మాత్రం ఆయన పెదజాలరిపేట ఇసక దాకా, గంటకు పైగా నడిచి వెళ్ళేవాడు. వెనకాలే కుక్క నడిచేది. అక్కడికి చేరాక ఇద్దరూ ఇసకలో కూలబడేవారు. అప్పుడు ఆయన దాని చెవుల వెనక గోకేవాడు. పొద్దు వాలాక మళ్ళీ అంత దూరమూ నడిచి వచ్చేవారు. ఇదేం పిచ్చి అని నేను ఒకసారి మొహం మీదే అడిగాను.

"నాకేటి సరదానా టీచరమ్మా? ఇంటికాడ ముట్టుకుంటే మీ ఆపా ఊరుకుంటాదేటి?" అన్నాడు.

ఆపా అంటే అక్క. ఆయన అన్నది తన భార్య రసూల్ బీ గురించి. మనిషి పొట్టి, మాట గట్టి. సందులో ఆడపిల్లలకు అరబ్బీ చదువు చెప్పేది. ఏది పాక్, ఏది నాపాక్, అంటే ఏది శుద్ధి, ఏది మైల అన్న విషయంలో మగవాళ్ళు కూడా ఆమెనే అడిగి వెళ్ళేవారు. ఆ నియమాల లోతులు నాకు తెలియవు, నేను సిస్టర్ల బడిలో లెక్కలు చెప్పుకునే కిరస్తానీ మనిషిని. ఆమె నాకు చెప్పిందే రాస్తున్నాను.

"నాను కుక్కని సూసి అసయ్యించుకోను టీచరమ్మా. అది కూడా ఆ దేవుడు పుట్టించిందే. కానీ దాని నోటి తడి తగిల్తే ఏడుసార్లు కడగాల. అందులో ఒకసారి మట్టితోటి. కుళాయి రోజు మార్చి రోజు వత్తాది, అదీ అరగంట. ఈయన రోజూ దాన్ని ముద్దు సేసుకుని వత్తే ఏడు కడుగులకి నీళ్ళెక్కణ్ణించి తెమ్మంటావ్?"

కాదనడానికి ఏమీ లేదు. విశాఖపట్నంలో ఆ రోజుల్లో కాపురం చేసినవాళ్ళకి నీళ్ళ సంగతి నేను చెప్పక్కర్లేదు. ఎదురుగా సముద్రం పెట్టుకుని బిందెడు మంచినీళ్ళ కోసం జుట్లు పట్టుకున్న ఊరు మాది. కాబట్టి ఆ మొగుడూ పెళ్ళాల మధ్య ఒప్పందం కుదిరింది. కుక్కని ముట్టుకోవడం సముద్రం దగ్గరే. అక్కడ ఇసక ఉంది, నీళ్ళు ఉన్నాయి, ఎంతసేపు కడుక్కున్నా అడిగేవాడు లేడు.

కుక్క పేరు కళాసీ. డెబ్బై ఐదు వానాకాలంలో పోర్టు గేటు దగ్గర, ఓడల సరుకు మోసే కళాసీలు పడేసిన మెతుకులు తింటూ ఉండేదట. రజాక్ భాయ్ గొడుగు లేకుండా తడుస్తూ వస్తుంటే ఆయన వెనకే మా సందులోకి వచ్చేసింది. మొదట్లో దాన్ని నాకు అంటగట్టాలని చూశాడు.

"మీరు కిరస్తానీలు కదా టీచరమ్మా, మీకు పట్టింపు నేదు కదా."

"బైబిల్లో కుక్కల గురించి మంచి మాట వెతికి చూపించండి భాయ్, అప్పుడు పెంచుతాను" అన్నాను. ఆయన నవ్వి ఊరుకున్నాడు. మళ్ళీ అడగలేదు.

ఆయన దర్జీ. దర్జీ అంటే చొక్కాలూ లాగూలూ కుట్టేవాడు కాదు. జాలర్ల నావలకు తెరచాపలు కుట్టేవాడు. అరవైల్లో ఎవరో పెద్దాయన దగ్గర నేర్చుకున్న పని అది. మందపాటి గుడ్డ, మైనం రాసిన దారం, అరచేతికి తోలుపట్టీ. ఒక్క చాప పరిస్తే మా సందంతా సరిపోదు. అందుకని కొలతలు వెయ్యడం, కత్తిరించడం అంతా పెదజాలరిపేట ఇసక మీదే జరిగేది. కుట్టు మాత్రం ఇంటి ముందుగదిలో. గుడ్డ మడతల మధ్య ఆయన తల ఒక్కటే కనపడేది. ఇలా పనిమీద వెళ్ళే చోటే కుక్కకు కూడా చోటు దొరికింది.

అన్ని ఒడ్డులూ అలాంటివి కావు. ఊరివాళ్ళు సాయంత్రం షికారుకొచ్చే బీచి ఉంది కదా, పల్లీలవాళ్ళూ ఐస్‌ఫ్రూట్ బళ్ళూ ఉండేది, అక్కడ కళాసీని చూడగానే ఎవడో ఒకడు రాయి తీసేవాడు. గొలుసు కట్టిన ఆఫీసర్ల కుక్కలకు మాత్రం రాజమర్యాద. పెదజాలరిపేటలో ఆ గొడవ లేదు. అక్కడ కుక్కలకు ఉద్యోగం ఉంది. ఇసకలో ఎండబెట్టిన చేపల మీదికి కాకులూ పందులూ రాకుండా కాపలా కాస్తాయి. కొత్త కుక్క వస్తే ఆ పాత ఉద్యోగులు మొదట కరుస్తాయనుకోండి. కళాసీకి మొదటి రోజే ఎడమ చెవి చిరిగింది. రెండో వారానికల్లా అది కూడా వాటితోపాటే కాకుల వెంట పరుగెత్తింది.

అక్కడ పోతమ్మ అని ఒకామె ఉండేది. మొగుడు పోయాక పెద్ద వల ఆమె చేతికే వచ్చింది. ఒడ్డు నుంచే తాళ్ళతో లాగే వల అది. దానికొక పద్ధతి ఉంది. తాడు పట్టుకున్న ప్రతివాడికీ చేపల్లో వాటా ఇవ్వాలి. ఊరివాడైనా, దారిన పోయేవాడైనా, తాడు మీద చెయ్యి పడితే వాటా. ఒకరోజు అందరూ వల లాగుతుంటే కళాసీ తాడు కొసని పళ్ళతో పట్టుకుని, కాళ్ళు ఇసకలో దిగేసి, గుర్రుమంటూ వెనక్కి లాగింది. వల ఒడ్డుకు చేరేదాకా విడవలేదు. అందరూ పడీపడీ నవ్వారట. పోతమ్మ నవ్వలేదు. వాటాలు పంచేటప్పుడు గుప్పెడు కవ్వళ్ళు పక్కకి తీసింది.

"ఇదెవులిది పోతమ్మా?" అన్నాడు రజాక్ భాయ్.

"నీ కుక్కది. తాడు పట్టింది కదా సాయిబూ, మరి దాని వాటా దానికియ్యాల కదా."

కళాసీకి పచ్చి చేపంటే ఇష్టం లేదు. ఒకటి వాసన చూసి వదిలేసింది. దాంతో దాని వాటా రజాక్ భాయ్ సంచిలో ఇంటికొచ్చింది. ఆ తర్వాత వల లాగినప్పుడల్లా వచ్చేది. రసూల్ బీ వాటిని చింతకాయ వేసి వండేది. గోడ అవతలి వాసనకే నాకు ఆకలయ్యేది, గిన్నెడు నాకూ పంపేది. అలా కొన్ని నెలలు గడిచాక, ఓ రోజు అన్నం తింటూ ఆయన నోరు జారాడు. కుక్క కష్టార్జితం మనం తింటున్నామని చెప్పేశాడు. ఆ రోజు నేనక్కడే ఉన్నాను, చెయ్యి కంచంలోనే ఉంది. రసూల్ బీ ముద్ద కలపడం ఆపింది. ఇంక ఆ గిన్నె గోడ మీంచి ఎగురుతుందనుకున్నాను.

"దాని నోరు తాడుకి తగిలిందా, సేపకి తగిలిందా?" అంది.

"తాడుకే."

"తాడు సముద్రంలో నానిందా, నేదా?"

"రోజంతా నాన్తాది."

"మరింకేటి?" అని ముద్ద నోట్లో పెట్టుకుంది. కాసేపయ్యాక, "కళాసీగాడు మంచి సేపలు తెత్తన్నాడు" అని కూడా అంది. కుక్కని ఆమె పేరు పెట్టి పిలవడం నేను వినడం అదే మొదలు. అయినా దాన్ని గుమ్మం తొక్కనివ్వలేదు. దానికి అన్నం పెట్టాల్సి వస్తే కొబ్బరిచిప్పలో వేసి, దూరంగా నిలబడి, చిప్పని కర్రతో ముందుకు తోసేది.

ఎనభైలు వచ్చేసరికి తెరచాపల పని పలచబడింది. ఫిషింగ్ హార్బర్లో ఇంజన్ బోట్లు పెరిగాయి. గాలి కోసం కాచుకునే నావలు తగ్గాయి. సందులో కుర్రాళ్ళు స్టీల్ ప్లాంటు కట్టుబడి పనులకని తెల్లారకుండానే గాజువాక బస్సెక్కేవారు. రజాక్ భాయ్ టార్పాలిన్లు, లారీ పరదాలు కుట్టడం మొదలుపెట్టాడు. వాటికి ఇసక మీద పని లేదు. అయినా శుక్రవారం నమాజు అయ్యాక పెదజాలరిపేట వెళ్ళడం మానలేదు. ఇప్పుడు పని లేదు కదా భాయ్ అంటే, "పనుంది. ఆడున్నాడు కదా" అనేవాడు.

ఎనభై నాలుగు ఎండాకాలంలో ఆయన టార్పాలిన్ కట్ట భుజాన వేసుకుని రిక్షా దిగుతూ పడ్డాడు. కుడి కాలు మోకాలి కింద విరిగింది. తొడ దాకా పిండికట్టు వేసి, మంచం దిగకూడదన్నారు. ఆయన మంచం ముందుగది కిటికీ పక్కన వేశారు. మెడ సాచితే సందు మొగలో అరుగు కనపడుతుంది. రోజూ పొద్దున్నే కళాసీ లేచి, ఆయన గుమ్మం ఎదురుగా వచ్చి కూర్చునేది. ఆయన కిటికీలోంచి చెయ్యి ఊపేవాడు. అది తోక ఊపేది. అంతకు మించి ఇద్దరూ చేసేదేమీ లేదు. కుక్క ముసలిదైంది, మూతి తెల్లబడింది. ఆ ఇద్దర్నీ అలా చూస్తుంటే నాకు ఒళ్ళు మండేది. ఎవరి మీదో తెలియదు.

ఆ ఏడాది నీళ్ళ కష్టం మరీ ఎక్కువ. కుళాయిలు ఎండిపోయి, ట్యాంకరు లారీ ఎప్పుడొస్తే అప్పుడే నీళ్ళు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం వచ్చింది. సందంతా కలిసి వరసలో బిందెలు పట్టాం. ఇత్తడివీ స్టీలువీ, కొత్తగా వచ్చిన ప్లాస్టిక్‌వీ అన్నీ నిండాయి. లారీ కదిలాక, ఎవరి గుమ్మం తాళం వాళ్ళు తీస్తుండగా, ఎవరో కెవ్వుమన్నారు. కళాసీ బిందెలో మూతి పెట్టి గబగబా తాగుతోంది.

నిజానికి దాని తప్పేం లేదు. రజాక్ భాయ్ లేచి తిరిగే రోజుల్లో ఆయన మట్టి మూకుడులో నీళ్ళు పోసేవాడు, పెదజాలరిపేటలో పోతమ్మ తొట్టి ఉండేది. ఆయన పడ్డాక దానికి నీళ్ళు పొయ్యాలన్న ఊహ మాలో ఒక్కరికీ రాలేదు. దాహంతో వచ్చింది, తాగింది. ఎన్ని బిందెల్లో తాగిందో తెలియదు. ఒకటన్నారు, మూడన్నారు. ఈ చివరిది కాదు ఆ చివరిదన్నారు. ఎవరు చూసింది నిజమో తేలలేదు. తేలకపోయేసరికి వరసలో ఉన్న బిందెలన్నీ నాపాక్ అయిపోయాయి. ఏడుసార్లు కడగాలి. కడగడానికి నీళ్ళు లేవు. ఉన్న నీళ్ళు ఆ బిందెల్లోనే ఉన్నాయి.

గఫూర్ కొట్టు దిగి వచ్చాడు. సందుకి పెద్ద తలకాయ ఆయన.

"ఇంక సాలు. రేపు పొద్దున్నే కుక్కల బండికి కబురెట్టేత్తాను. పట్టుకుపోతారు, పీడ వదిలిపోతాది."

ఎవరూ కాదనలేదు. ఆ బండి ఎక్కిన కుక్క తిరిగి రావడం మాలో ఎవరం చూడలేదు. నేను కూడా కాదనలేదు. వరసలో మా అమ్మ నాకిచ్చిన ఇత్తడి బిందె ఉంది, నా కోపం నాకుంది.

కిటికీలోంచి రజాక్ భాయ్ గొంతు వినపడింది. "రసూలూ, ఆణ్ణి ఆ బండికి ఇయ్యకే. నీకు దణ్ణం ఎడతాను, ఇయ్యకే." మంచం మీంచి లేవబోయి, పిండికట్టు బరువుకి మళ్ళీ పడ్డాడు. ఆయన ఏడుస్తున్నాడు. యాభై దాటిన మగవాడు సందంతా వినేలా కుక్క కోసం ఏడుస్తుంటే మేం నేల చూపులు చూశాం.

రసూల్ బీ కిటికీ వైపు చూడలేదు. కొంగు బిగించి గఫూర్ ఎదురుగా నిలబడింది.

"గఫూర్ భాయ్, బిందెలు నాపాక్ అయిపోనాయనే కదా నీ గోల?"

"కాదేటి మరి?"

"అన్నీ శుద్ధి సేసి తెచ్చి ఎవుల గుమ్మం ముందర ఆళ్ళకెడితే, కుక్కల బండి మాట మళ్ళీ ఎత్తకూడదు. సరేనా?"

"ఏ నీళ్ళతోటి శుద్ధి సేత్తావ్? మీ ఇంట్లో నుయ్యేటైనా తవ్వీసినావా?"

"ఇంట్లో నేదు. పెదజాలరిపేటలో ఉంది. పెద్దదే."

గఫూర్‌కి అర్థం కావడానికి కాస్త టైం పట్టింది. అర్థమయ్యాక తిరిగి కొట్టెక్కాడు. పాక్ నాపాక్ విషయంలో ఆమెతో వాదించేవాడు ఆ సందులో లేడు.

రిక్షా తొక్కే ఎల్లారావుని పిలిచారు. బిందెల్లో నీళ్ళు మొక్కలకి పోసేసి, అన్నిటినీ తాళ్ళతో కట్టి రిక్షా నిండా పేర్చారు. మధ్యలో రసూల్ బీ ఎక్కి కూర్చుంది. నేనూ ఎక్కాను. సాయం చెయ్యాలని కాదు, నా ఇత్తడి బిందె సొట్ట పడకుండా చూసుకోవాలని. కళాసీ వెనకాల పరుగెత్తుకొచ్చింది. దారి దానికి తెలుసు.

లైట్‌హౌసు దాటేసరికి అది వెనకబడింది. రసూల్ బీ తల తిప్పి చూస్తూనే ఉంది. "ఆగు ఎల్లారావూ" అంది. అది వచ్చి చేరాక మళ్ళీ పొమ్మంది. మళ్ళీ ఆపింది. మూడోసారి అది రోడ్డు పక్కనే పడుకుండిపోయి నాలుక బయటపెట్టి రొప్పసాగింది.

"ఎక్కించీ దాన్ని" అంది రసూల్ బీ.

"ఓలమ్మో, బండిలో కుక్కా?" అన్నాడు ఎల్లారావు. "మీ సామాన్లకి తగిల్తాది కదా బూబమ్మా."

"ఆ సామాన్లెలాగూ కడగాల్సినవే. ఎక్కించు, బేగి."

ఎల్లారావు కళాసీని ఎత్తి బిందెల సందులో కూర్చోబెట్టాడు. రసూల్ బీ కాళ్ళు రెండూ సీటు మీదికి ముడుచుకుంది. నేనూ ముడుచుకున్నాను. అలా ఇద్దరం కోళ్ళలా ముడుచుకు కూర్చుని పెదజాలరిపేట చేరాం. 

పోతమ్మ మమ్మల్ని చూసి పరుగున వచ్చింది. "సాయిబు కాలెలాగుంది? ఈ బిందెలేటి? పెళ్ళేటైనా సేత్తన్నారా?"

సంగతి చెప్పాం. పోతమ్మకి ఆ నియమం కొత్త, కాని పని కొత్త కాదు. నలుగురు ఆడవాళ్ళని పిలిచింది. మొదట తడి ఇసకతో లోపలా బయటా తోమడం, తర్వాత అలలో ముంచి ఆరుసార్లు తొలవడం. రసూల్ బీ ఒడ్డున నిలబడి గట్టిగా లెక్కపెట్టింది. మధ్యలో ఎవరైనా నవ్వి లెక్క తప్పితే ఆ బిందె మళ్ళీ మొదటి నుంచీ. నేను కూడా చీర ఎత్తి కట్టి నీళ్ళలో దిగాను. ఇత్తడి బిందె అంత మెరవడం నేను మా అమ్మ ఇంట్లో కూడా చూడలేదు.

పని అయ్యేసరికి ఎండ తగ్గింది. రసూల్ బీ పడవ నీడలో కూర్చుంది. కళాసీ అప్పటికి తొట్టిలో కడుపునిండా తాగి, వల తాడు దగ్గరికి వెళ్ళి వాసన చూసి, రజాక్ భాయ్ ఎప్పుడూ కూర్చునే చోట అటూ ఇటూ తిరిగింది. ఎవరూ లేరు. చివరికి వచ్చి రసూల్ బీ ఎదురుగా నిలబడింది. ఆమె కదల్లేదు. అది ముందుకాళ్ళు చాపి పడుకుని, గడ్డం తెచ్చి ఆమె పాదం మీద పెట్టింది. తడి మూతి.

ఆమె అరుస్తుందనుకున్నాను. ఆమె నా వైపు చూసింది, సముద్రం వైపు చూసింది.

"ఇక్కడ నీళ్ళకేటి కరువు?" అంది. వంగి, దాని తల మీద చెయ్యి వేసింది. చిరిగిన ఎడమ చెవి వెనక, రజాక్ భాయ్ గోకే చోటే, మెల్లిగా గోకింది. అన్నేళ్ళు కర్రతో చిప్ప తోసిన మనిషికి ఆ చోటు ఎలా తెలుసో నేను అడగలేదు. అది ఆమె చెయ్యి నాకింది. రెండు చేతులతోనూ దాని మొహం పట్టుకుని, "ఈయన లెగిసేదాకా నాను తీసుకొత్తాన్రా నిన్ను" అంది. నాకు ఏడుపొచ్చింది. కుక్కలంటే పడని మాట నిజమే, ఏడుపొచ్చిన మాటా నిజమే.

తర్వాత లేచి, గుప్పెడు తడి ఇసక తీసుకుని చేతులూ పాదమూ రుద్దుకుంది. నీళ్ళలోకి వెళ్ళి ఆరుసార్లు కడుక్కుంది. ఒక్కటీ తగ్గించలేదు.

తిరిగి వచ్చేటప్పుడు పోతమ్మ ఇసకలో తవ్విన చెలమ నుంచి మంచినీళ్ళు తోడి ఒక బిందె నింపింది. అది గఫూర్ బిందె. రసూల్ బీయే ఏరి మరీ ఇచ్చింది. సాయంత్రం ఎవరి బిందెలు వాళ్ళ గుమ్మం ముందు పెట్టాక, దాన్ని ఆయన కొట్టు అరుగు మీద పెట్టి వెళ్ళిపోయింది. గఫూర్ ఆ నీళ్ళ వంక చూశాడు, అరుగు కిందికి దూరుతున్న కళాసీ వంక చూశాడు. కుక్కల బండి మాట ఆ సందులో మళ్ళీ రాలేదు.

నేను ఆమె వెంటే వాళ్ళింటికి వెళ్ళాను. రజాక్ భాయ్ కిటికీ పక్క అలాగే పడుకుని ఉన్నాడు. అన్నం ముట్టలేదు. కుక్కని అక్కడే వదిలేసి వచ్చిందేమోనని ఆయన భయం.

"ఆడేడీ?" అన్నాడు.

"అరుగు కిందున్నాడు. సూడు."

ఆయన మెడ సాచి చూశాడు. ఊపిరి తీసుకున్నాడు. తర్వాత ఆమె చేతుల వంక చూశాడు. ఇసకతో రుద్దిన చేతులు ఇంకా ఎర్రగానే ఉన్నాయి.

"సముద్రం కాడ ఇంతసేపు ఏటి సేసినావ్?"

రసూల్ బీ లాంతరు వత్తి సరిచేస్తూ, ఆయన వైపు తిరగకుండానే జవాబిచ్చింది.

"బిందెలు కడిగినాను. ఆ తర్వాత నా సేతులు కడుక్కున్నాను, ఏడుసార్లు."

రజాక్ భాయ్ ఒక్క క్షణం ఆమెనే చూశాడు. తర్వాత దుప్పటి మొహం మీదికి లాక్కున్నాడు. దుప్పటి కింద ఆయన భుజాలు కదలడం మేమిద్దరం చూశాం. ఆమె వెళ్ళి అన్నం గిన్నె మళ్ళీ వేడి పెట్టింది.